ఊరంతటికీ ఒక్కటే గడప

ఆపెయ్యమని చెప్పేముందు ఇందుమతి పెద్దగా ఆలోచించలేదు. ఆలోచించవలసిన సంగతిలా కనిపించనూ లేదు.

విశాఖపట్నానికి ఉత్తరాన, సముద్రం కనిపించే కొండ మీద ఉంది ఆ ప్రయోగశాల. లోపల గోడంత తెర మీద సన్నని ఆకుపచ్చ గీతలు కదులుతూ ఉంటాయి. ఒక్కో గీత ఒక్కో మనిషి గొంతు. ఆ పూట అవి ఒకటొకటిగా ఎర్రబడడం మొదలుపెట్టాయి. నెట్‌వర్క్ భద్రత చూసే ఫణీంద్ర కుర్చీలోంచి లేచి నిలబడే కీబోర్డు కొడుతున్నాడు.

"మేడమ్, ఎవడో మన సర్వర్ల మీద పడ్డాడు. వరదలా దొంగ పిలుపులు. వాటికి జవాబు చెప్పలేక మన యంత్రాలు ఉక్కిరిబిక్కిరైపోతున్నాయి. కర్నూల్లోనూ వరంగల్లోనూ మనవాళ్ళ మాటలు తడబడుతున్నాయట, ఫోన్లు వస్తున్నాయి."

"ఎక్కణ్ణుంచి వస్తున్నాయవి?"

"అన్నీ ఒకే ఐపీ అడ్రస్ నుంచి. ఆ ఒక్కదాన్నీ బయటి గేటు దగ్గరే ఆపేస్తే సరి."

"ఇంకా చూస్తావేం? ఆపెయ్."

ఫణీంద్ర ఒక మీట నొక్కాడు. ఎర్రబడిన గీతలు చూస్తుండగానే మళ్ళీ ఆకుపచ్చగా మారాయి. గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఇందుమతికి అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున్నుంచీ ఏమీ తినలేదని. అత్తగారు కట్టి ఇచ్చిన చింతపండు పులిహోర డబ్బా తెరిచి, ఆ తెర ముందే కూర్చుని తినసాగింది. తెర కింది మూల కొన్ని గీతలు ఎర్రగానూ లేవు, పచ్చగానూ లేవు. అసలు లేనే లేవు. అది ఎవరూ గమనించలేదు.

ఇందుమతి కనిపెట్టిన సాధనం పేరు 'పలుకు'. స్వరపేటిక తీసేయించుకున్నవాళ్ళకు అది గొంతు. కపాలం కింద అమర్చిన పల్చటి పట్టీ, మనిషి ఏ మాట అనబోతున్నాడో మెదడులోనే పసిగట్టి ఫోను టవరు ద్వారా ప్రయోగశాలకు పంపుతుంది. అక్కడి యంత్రాలు దాన్ని మాటగా విడమర్చి వెనక్కి పంపితే, మెడ దగ్గర తగిలించుకున్న బొత్తాం ఆ మాటను పైకి పలుకుతుంది. అది మరమనిషి గొంతులా కాకుండా, ఆ మనిషి పాత గొంతుతోనే పలుకుతుంది.

దాన్ని మొట్టమొదట పెట్టించుకున్న మనిషి గరికిన ఎర్రమ్మ. భీమిలి దాటాక గండివానిపాలెం అని ఒక జాలరిపేట ఉంది. అక్కడి ఆడవాళ్ళు తరతరాలుగా అడ్డపొగ తాగారు. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటది. దాంతో ఆ పేటలో నోటి కేన్సర్, గొంతు కేన్సర్ ఇంటింటి జబ్బయ్యాయి. ఎర్రమ్మ ఒడ్డున చేపల వేలం పాడే మనిషి. పడవ ఒడ్డుకు రాకముందే ఆమె కేక పడవలోవాళ్ళకు వినిపించేదట. ఆ గొంతు ఆపరేషన్ బల్ల మీద పోయింది. దాన్ని మళ్ళీ తయారు చేయడానికి ఇందుమతికి దొరికింది ఎర్రమ్మ కూతురు నీలవేణి పెళ్ళి వీడియో ఒక్కటే. అందులో ఎర్రమ్మ బ్యాండువాళ్ళతో పోట్లాడుతోంది. ఆ పోట్లాటలోంచే గొంతును ఏరి కూర్చారు. పలుకు పెట్టిన రోజున ఎర్రమ్మ బొత్తాంలోంచి వచ్చిన మొదటి మాటలు విని నీలవేణి ఏడుస్తూ నవ్వింది. "ఓలమ్మో, మాయమ్మ ఇంకా ఆ బ్యాండోళ్ళని తిడతన్నట్టే ఉంది!"

మొదట్లో ఒక లోపం ఉండేది. మాట అనుకోవడానికీ అది బయటికి రావడానికీ మధ్య చిన్న ఎడం. వేలంపాటలో ఆ ఎడం చాలు, ఇంకొకరు పాట ఎత్తుకుపోవడానికి. "డాక్టరమ్మా, నా మాట నాకన్నా ఎనకాల నడుస్తంది" అని ఎర్రమ్మ విసుక్కునేది. ఇందుమతి ఏడాది పాటు కూర్చుని దాన్ని సరిచేసింది. మెదడు మాటను పూర్తిగా తయారు చేసేదాకా యంత్రం ఆగదు. మొదటి కదలికలోనే ఊహించి, "ఇదేనా?" అని పట్టీ ద్వారా మెదడునే అడుగుతుంది. మెదడు ఔనంటే చాలు, బొత్తాం పలికేస్తుంది. దానికి 'ముందుమాట' అని పేరు పెట్టింది. గత వేసవిలో అందరికీ అమర్చారు. ఎడం మాయమైంది. ఇందుమతి తన జీవితంలో దేనికైనా గర్వపడిందంటే ఆ ముందుమాటకే.

డబ్బా మూత పెడుతూ ఉండగా నీలవేణి నుంచి ఫోను వచ్చింది.

"డాక్టరమ్మా, మాయమ్మ మాటాడ్డం నేదండి."

"ఛార్జింగ్ అయిపోయిందేమో చూడమ్మా."

"సూసినానండి. లైటు ఎలుగుతంది. సిగ్నలు నిండుగున్నాది. అది కాదండి..." నీలవేణి గుక్క తిప్పుకుంది. "నన్నొక్కలాగ సూస్తందండి. నా పేరేటని అడిగితే తెల్లబోయింది. పీత సూపించి ఇదేటంటే, దాన్ని సేతిలో అట్టుకుని ఏడుస్తందండి. సింహాచలం పిన్నీ అంతే. పలుకున్నోళ్ళందరూ అంతే. మీరొచ్చీయండి."

ఇందుమతి కారు తాళాలు తీసుకుని పరుగున మెట్లు దిగింది. మాట పడిపోతే పడిపోవచ్చు, అది యంత్రం తప్పు. కూతురి పేరు మరిచిపోవడమేమిటి?

గండివానిపాలెం ఒడ్డున ఎప్పుడూ ఉండే రొద లేదు. పడవలు వచ్చి ఉన్నాయి. చేపలు గుట్టలుగా ఎండలో పడి ఉన్నాయి. బేరగాళ్ళు దూరంగా నిలబడి గుసగుసలాడుకుంటున్నారు. వేలం వేసే చోట, ఇసుకలో, పలుకు పెట్టించుకున్న ఆడవాళ్ళు ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఉన్నారు. ఒకామె తన అరచేతిని తిప్పితిప్పి చూసుకుంటోంది. అందరికన్నా పెద్దది సింహాచలమ్మ. సముద్రం వైపు తిరిగి కూర్చున్న ఆమె పెదవులైనా కదపడం లేదు.

ఇందుమతి ఎర్రమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఎర్రమ్మా! నేను. ఇందుమతిని."

ఎర్రమ్మ కళ్ళు ఆమెను గుర్తుపట్టాయి, అందులో సందేహం లేదు. చెయ్యి చాచి ఇందుమతి చెంప తడిమింది కూడా. కాని ఆ కళ్ళ వెనక దేనికోసమో వెతుకులాట జరుగుతోంది. ఇందుమతి మూడు వేళ్ళు చూపించి, "ఇన్ని చూపించు" అంది. ఎర్రమ్మ ఆ వేళ్ళను చూసింది. తన వేళ్ళను చూసుకుంది. ఎన్నో వేల బుట్టల లెక్క నోటితో కట్టిన మనిషి, చేయి కిందకు దించి తల అడ్డంగా ఊపింది.

గొంతు లేనివాళ్ళను ఇందుమతి చాలామందిని చూసింది. వాళ్ళు మాట్లాడలేరు గాని వాళ్ళలో మాటలు ఉంటాయి. సైగ చేస్తారు, పెదవులు కదుపుతారు, రాసి చూపిస్తారు. ఇక్కడ లోపలే ఏమీ లేదు. మాట పుట్టే చోటే ఖాళీ అయిపోయింది.

అలా ఎందుకయిందో ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది. ముందుమాట! మాటను పూర్తి చేసే పని యంత్రం తీసుకుంది. మెదడుకు మిగిలిన పనల్లా తల ఊపడం. చంకనెక్కి ఉన్నన్నాళ్ళూ పిల్లకు నడక రాదు. ఇన్ని నెలలుగా ఈ ఆడవాళ్ళ మెదళ్ళు సొంతంగా ఒక్క మాటనూ చివరిదాకా తయారు చేయలేదు. పైకి అనే మాట సరే, మనసులో అనుకునే మాట కూడా కొండ మీది యంత్రాల్లోంచే వస్తూ ఉంది. ఆ సంగతి వాళ్ళకు తెలియదు. కనిపెట్టిన తనకూ తెలియదు.

ఫణీంద్రకు ఫోను చేసింది. "ఫణీ, గండివానిపాలెం నుంచి మనకి సంకేతాలు వస్తున్నాయా?"

అటునుంచి మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. "ఒక్కటీ రావట్లేదు మేడమ్. సిగ్నల్ పోయిందా?"

"పోలేదు. నిండుగా ఉంది."

సిగ్నల్ పోతే ఇంకో టవరును వెతుక్కోవడం ఆ బొత్తానికి నేర్పించారు. ఇదివరకు తుఫానులో అలాగే గట్టెక్కింది. సిగ్నల్ నిండుగా ఉండి, అవతల తలుపు మాత్రం మూసి ఉంటే ఏం చేయాలో దానికి ఎవరూ నేర్పలేదు. ఇందుమతి తన ఫోనులో ప్రయోగశాల పేజీ తెరిచి చూసింది. తెల్లటి తెర మీద ఒక్క వాక్యం వచ్చింది: మీ చిరునామాకు ప్రవేశం నిషేధించబడినది.

ఆమె ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. అది ఆమె రాయించిన వాక్యమే.

"ఫణీ, నా ఫోను అడ్రస్ చెప్తాను, చూడు." ఆమె అంకెలు ఒక్కొక్కటే చదివింది.

"అదే మేడమ్," అన్నాడు ఫణీంద్ర చాలా నెమ్మదిగా. "మనం ఆపింది అదే. అది ఒక్కడి అడ్రస్ కాదు. లోకంలో అడ్రస్‌లు చాలవని ఫోన్ కంపెనీ ఆ తీరం అందరినీ ఒకే అడ్రస్‌తో బయటికి పంపుతుంది. మన గేటు దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఒకటే ముఖం. అది నాకు తెలుసు మేడమ్. తెలిసి కూడా... ఆ క్షణంలో తట్టలేదు."

"తెరిచెయ్. ఇప్పుడే తెరువు!"

"తెరుస్తాను. కాని దాడి ఇంకా ఆగలేదు. తెరవగానే సర్వర్లు కూలిపోతాయి. అప్పుడు కర్నూలు, వరంగల్లు, ఒంగోలు, అందరివీ పోతాయి."

ఇందుమతి కళ్ళెత్తి ఎదురుగా కూర్చున్నవాళ్ళను చూసింది. ఇందాక ఆమెకు తెలియనిది ఇప్పుడు తెలుసు. ఆ మీట ఇంకొకసారి నొక్కితే రెండు రాష్ట్రాల్లోనూ మనుషులు ఇలాగే కూర్చుండిపోతారు.

"మన బొత్తాలను మాత్రం లోపలికి రానిచ్చే దారి వెయ్యలేవా?"

"వేస్తాను. సాయంత్రం అవుతుంది."

సాయంత్రం దాకా వీళ్ళ మెదళ్ళు ఏమవుతాయో ఇందుమతికి తెలియదు. ఎవరికీ తెలియదు. ఇలాంటిది ఇంతకుముందు జరగలేదు. ఆమె నీలవేణి వైపు తిరిగింది. "ఈ టవరు దాటి పోవాలి. కొండ అవతల వేరే టవరు, వేరే అడ్రస్. వీళ్ళందర్నీ ఎక్కించగల బండి ఏదైనా ఉందా?"

"ఐసు బండి ఉన్నాదండి."

నీలవేణి కొంగు నడుముకు చుట్టి అరిచింది. మగవాళ్ళు పరుగెత్తుకొచ్చి ఐసు పెట్టెలు కిందకు దింపారు. కాని ఎక్కించడం తేలిక కాలేదు. ఎక్కడికి తీసుకెళ్తున్నారో చెబుదామంటే వినే మాట వాళ్ళలో లేదు. భయం మాత్రం ఉంది. ఒకామె బండి చక్రం పట్టుకుని వదలలేదు. ఎర్రమ్మ ఇందుమతి చేతిని విదిలించి కొట్టింది. చివరికి నీలవేణి తల్లి నడుము చుట్టూ చేతులేసి, పసిపిల్లకు పాడినట్టు ఏదో కూనిరాగం తీస్తూ ఎక్కించింది. మాటలు లేని రాగం. దానికి ఎర్రమ్మ మెత్తబడింది. మిగిలినవాళ్ళు ఆమె వెనకే ఎక్కారు.

బండి గతుకుల్లో ఎగురుతూ కొండ ఎక్కింది. కాళ్ళ కింద కరిగిన ఐసు నీళ్ళు, చేపల వాసన. ఇందుమతి తన ఫోను తెర మీంచి చూపు తిప్పలేదు. మలుపు తిరగగానే టవరు మారింది.

ముందు ఒక బొత్తాం గరగరమంది. తరవాత అన్నీ ఒక్కసారిగా మోగాయి. సగంలో తెగిపోయిన కేకలు, ఏడుపులు, దేవుళ్ళ పేర్లు, తిట్లు. చీకటి గదిలోంచి ఒక్కసారి బయటపడ్డ మనుషుల్లా వాళ్ళు ఒకరి మీద ఒకరు పడి మాట్లాడారు. ఎర్రమ్మ కూతురి ముఖాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"నీలా, నీలా! నువ్వు నాదానివని తెల్సే. నా కడుపున పుట్టినావని తెల్సు. కూతురన్న మాటే నేదే! ఎంత ఎతికినా నేదే!"

నీలవేణి తల్లి భుజంలో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఇందుమతి కళ్ళు తుడుచుకుని అందరినీ లెక్కపెట్టబోయి, బండి మూల ఆగిపోయింది. సింహాచలమ్మ బొత్తాం వెలుగుతోంది. మోగడం లేదు.

"సింహాచలమ్మా? పిన్నీ?"

ముసలమ్మ ఆమెను చూసి చిన్నగా నవ్వింది. ఇందుమతి ఫోనులో ఆమె గీతను వెతికి పట్టుకుంది. యంత్రం అడుగుతూనే ఉంది. ఇదేనా? ఇదేనా? ఇదేనా? అవతల తల ఊపేవాళ్ళు లేరు. అలవాటు తప్పిన ఆ కాస్త పూటలోనే ఆ ముసలి మెదడు ఆ పని కూడా మానేసింది.

"ఏటయిందమ్మా దానికి?" అంది ఎర్రమ్మ. "మాకెందుకిలగయింది?"

డ్రైవరు బండి ఆపాడు. ఇందుమతి తడి చెక్కల మీద కూర్చుండిపోయింది. అబద్ధం ఆడే శక్తి కూడా లేదు ఆమెకు. "నేనే ఆపమన్నాను ఎర్రమ్మా. ఎవడో దొంగ లోపలికి వస్తున్నాడన్నారు. ఒక్కడే అనుకున్నాను. మీరందరూ అదే గడపలోంచి వస్తారని నాకు తెలియదు."

ఎర్రమ్మ ఆమె వైపు చూసింది. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది ఆ చూపులో.

"తలుపేసీముందు లోపలెవులున్నారో ఓ కేకెయ్యరా అమ్మా? గొడ్లసావిట్లో గొళ్ళెం పెట్టీటప్పుడే ఏస్తామే!"

ఇందుమతి లేచి వెళ్ళి సింహాచలమ్మ పక్కన కూర్చుంది.

చీకటి పడకముందే ఫణీంద్ర కొత్త దారి వేశాడు. ఐసు బండి ఆడవాళ్ళను పేటకు తిరిగి చేర్చింది. దొంగ కూడా దొరికాడు. తీరాన ఇంకో ఊళ్ళో, మూతపడిన ఒక రొయ్యపిల్లల్ని పొదిగించే హేచరీ గోడకు తగిలించిన నిఘా కెమెరా. దానికి వైరస్ పట్టింది. ఎవరి కోసం ఏం చేస్తోందో దానికే తెలియకుండా అది పిలుపులు పంపుతూ ఉంది. అక్కడ మనిషన్నవాడే లేడు. ప్రయోగశాలకు తిరిగొచ్చిన ఇందుమతికి ఆ సంగతి ఫణీంద్ర చెప్పాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

ఇంటికి వెళ్ళాక ఇందుమతి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. "ఏమ్మా, అలా అయిపోయావు?" అని అత్తగారు అడిగితే ఏమీ లేదంది. స్నానానికి నీళ్ళు తోడుకుంటూ, 'రేపు పొద్దున్నే బయల్దేరాలి, సింహాచలమ్మకు స్కాన్ తీయించాలి' అని తనలో తాను అనుకుంది. అనుకున్నాక ఉలిక్కిపడింది. ఆ మాటలు ఎంత తేలికగా వచ్చాయి! ఎవరి అనుమతీ అడగకుండా. ఆమె చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

తరవాతి వారం అందరినీ పేట సామాజిక భవనంలో కూర్చోబెట్టి, దాచకుండా చెప్పింది. పలుకు ఉంచుకుంటే ఇప్పటిలాగే మాట్లాడవచ్చు, కాని మీలోని మాటలు కొండ మీది యంత్రాల మీద ఆధారపడి ఉంటాయి. వద్దనుకుంటే ముందుమాటను మెల్లమెల్లగా తగ్గించి, మెదడుకు మళ్ళీ పని నేర్పాలి. అది కష్టం. వస్తుందన్న హామీ లేదు. సింహాచలమ్మను చూశారు కదా.

కొందరు ఉంచుకుంటామన్నారు. ఇందుమతి వాళ్ళను తప్పు పట్టలేదు. ఎర్రమ్మ మాత్రం లేచి నిలబడింది. "నాకు బొత్తాం గొంతొద్దు, వేలమూ వొద్దు. ముందు నా మాట నాకిచ్చీయండి. ఎవులో గొళ్ళెం పెడితే పోయీది నాదెలగవుతాది?"

ఆ పూట నుంచి రోజూ ఇందుమతి పేటకు వెళ్ళింది. వంటింట్లో చాప మీద కూర్చుని, ఎర్రమ్మ పలుకును కాస్సేపు ఆపేది. పట్టీని మాత్రం వింటూ ఉండమనేది. మాట లోపల పుడితే తన చేతిలోని తెర మీద కనబడుతుంది, యంత్రం సాయం చేయదు. మొదట్లో ఆపిన ప్రతిసారీ ఎర్రమ్మ చేతులు చల్లబడేవి. కళ్ళలో ఆ వెతుకులాట మొదలయ్యేది. ఇందుమతి ఉప్పుచేపను, గిన్నెను, వలను చూపించేది. నీలవేణి పేర్లు చెప్పి చెప్పి అలిసిపోయేది. తెర మీద విరిగిన గీతలు తప్ప ఏమీ వచ్చేవి కావు. ఆ పాటికి వర్షాలు మొదలయ్యాయి. వేసవి వేట నిషేధం ముగిసి పడవలు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళాయి. వేలం ఇప్పుడు ఇంకెవరో పాడుతున్నారు.

సింహాచలమ్మ గుమ్మం దగ్గర కూర్చుని వాన చూస్తూ ఉండేది. పిలిస్తే తిరిగి నవ్వేది. అంతే.

ఒక మధ్యాహ్నం పాఠం సగంలో ఉండగా నీలవేణి అన్నం పెట్టేసింది. "తినీసి సేత్తారు లెండి, అదెక్కడికీ పోదు." ఇందుమతి పలుకును తిరిగి కలపడం మరిచిపోయి, తెరను పక్కన పెట్టి కంచం ముందుకు లాక్కుంది. ఎర్రమ్మ చేపల పులుసు కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ముఖం చిట్లించింది.

పక్కన తెర మీద ఒక గీత లేచింది. విరగలేదు. చివరిదాకా వెళ్ళి నిలిచింది. దాని కింద అక్షరాలు వచ్చాయి: ఉప్పు.

ఇందుమతి నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. యంత్రం ఆగి ఉందో లేదో చూసింది. ఆగే ఉంది. నీలవేణి అది చదివి రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఎర్రమ్మ వాళ్ళిద్దరినీ విసుగ్గా చూసి, ఖాళీ అరచెయ్యి చాచింది. ఇందుమతి ఎంగిలి చేత్తోనే లేచి, గూట్లో ఉన్న ఉప్పు జాడీ తెచ్చి ముందు పెట్టింది. ఎర్రమ్మ చిటికెడు వేసుకుని, పులుసు మళ్ళీ కలుపుకుని, తలెత్తకుండా తినసాగింది.